పర్మిట్ లేని వరుస

శనివారం ఉదయం ఎనిమిది కొట్టగానే డొరీన్ ఆస్క్యూ తన షాపు వెనక గది బయటి తలుపుకు గడియ పెట్టింది. ఒకసారి పెట్టాక ఇంక తీయదని కార్వర్ మిల్ ఊరి చుట్టుపక్కల అందరికీ తెలుసు. షాపు ముందు గదిలో గాలాలు, వేట బూట్లు, తూటాల డబ్బాలు అమ్ముతుంది. వెనక గదిలో ప్రతి శనివారం తుపాకీ పర్మిట్ క్లాసు చెబుతుంది. ఆ రాష్ట్రంలో చొక్కా కిందో చేతిసంచిలోనో తుపాకీ దాచుకుని తిరగాలంటే జిల్లా పోలీసు అధికారి షెరీఫ్ ఇచ్చే పర్మిట్ ఉండాలి. పర్మిట్ రావాలంటే ఒకే రోజున ఎనిమిది గంటల క్లాసు పూర్తి చేసినట్టు సర్టిఫికెట్ ఉండాలి. దాని మీద క్లాసు మొదలైన సమయం, ముగిసిన సమయం వేసి, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని చెప్పినవాళ్ళూ విన్నవాళ్ళూ ఇద్దరూ సంతకం పెట్టాలి.

పంతొమ్మిదేళ్ళలో డొరీన్ ఒక్క తప్పుడు సమయం వేయలేదు. అది తన గొప్పతనమని ఆమె అనుకోదు. ఎనిమిది గంటలనేది ఆమె అమ్మే సరుకు. తూకం తగ్గిస్తే ఆ పూట బాగానే గడుస్తుంది గాని, ఊరు చిన్నది, అవే ముఖాలు రేపు మళ్ళీ ఎదురుపడతాయి.

ఆ రోజు తొమ్మిది మంది కూర్చున్నారు. బల్ల మీద ఎర్ర రబ్బరు పిస్తోలు పెట్టి, వేలు ఎక్కడుండాలో ఒక్కొక్కరి చేత పట్టించి చూపిస్తోంది. ఎవరో తలుపు తట్టారు. గడియారం ఎనిమిదీ పదకొండు చూపిస్తోంది. డొరీన్ పిస్తోలు కింద పెట్టి తలుపు అద్దంలోంచి చూసింది. ముప్పై అయిదేళ్ళ ఆడమనిషి. కాళ్ళకు రబ్బరు బూట్లు, నుదుటి మీద వలటోపీ నొక్కుకున్న గీత. కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి అటునుంచి అటే వచ్చిందని తెలుస్తూనే ఉంది.

"మిస్ డొరీన్, నేను మార్వెల్లా గెయిన్స్‌ని. మంగళవారం వచ్చి డబ్బు కట్టి పేరు రాయించుకున్నాను."

"గుర్తుందమ్మా. ఎనిమిది దాటింది."

"ఒక లారీ ఆలస్యంగా వచ్చింది. చివరి కోడి దాకా నిలబడ్డాకే కదలమన్నాడు సూపర్‌వైజర్. దారిలో ఎక్కడా ఆగలేదు."

"ఇప్పుడు నిన్ను కూర్చోబెడితే నీ కాగితం మీద ఎనిమిదని వేయాలి. అది అబద్ధమవుతుంది."

"ఆ పదకొండు నిమిషాలు చివర్లో ఉంటాను."

"ఒక్కరికే చెబితే అది క్లాసు కింద లెక్క రాదు. ముగ్గురన్నా ఉండాలని రూలు."

లోపల్నుంచి ఒక లావుపాటి మనిషి నవ్వాడు. "రానివ్వు డొరీన్. కోడి వాసన తగిలి నాకు అప్పుడే ఆకలేస్తోంది."

"మధ్యాహ్నం నువ్వు తినేది ఆ కోడినే బాబూ, కాస్త మర్యాదగా మాట్లాడు," అంది మార్వెల్లా అద్దం అవతలి నుంచి. గది అంతా నవ్వింది. డొరీన్ నవ్వలేదు. ముందు గది గల్లాలోంచి మార్వెల్లా కట్టిన సొమ్ము తీసి, బయటినుంచి చుట్టూ తిరిగి వెళ్ళి ఆమె చేతిలో పెట్టింది.

"వచ్చే వారం నిండిపోయింది. ఆ పై శనివారం రా."

"ఆ శనివారం పగలు డ్యూటీ వేశారు." మార్వెల్లా నోట్లు చూడకుండానే జేబులో కుక్కుకుంది. "హోబర్ట్ గారి దగ్గర క్లాసు మధ్యాహ్నానికే అయిపోతుందట కదా."

"ఆయన సంగతి ఆయన్నే అడుగు."

"అడగక్కర్లేదు. అక్కడా ఎనిమిది గంటలని సంతకం పెట్టాలిగా. మా ఆయన మీద కోర్టులో కేసు నడుస్తోంది. నా సంతకం ఒక్కచోట అబద్ధమని తేలితే అతని వకీలు నన్ను నమిలేస్తాడు."

ఆమె వెళ్ళిపోయింది. డొరీన్ వెనక్కి వచ్చి ఎర్ర పిస్తోలు అందుకుంది. ఎక్కడ ఆపిందో గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టింది.

* * *

మంగళవారం రాజధానిలో శాసనసభ కమిటీ విచారణ. పర్మిట్ లేకపోయినా, క్లాసు చదవకపోయినా తుపాకీ దాచుకుని తిరగవచ్చన్న బిల్లు ఆ రోజు పదకొండు మంది సభ్యుల ముందుకు వస్తోంది. అది నెగ్గితే డొరీన్ శనివారాలు ఖాళీ. ముందు గదిలో అమ్మే గాలాలతో షాపు నడవదని ఆమెకు తెలుసు. శిక్షకుల సంఘం పెద్ద రస్ హోబర్ట్ ఆదివారమే ఫోన్ చేశాడు.

"నువ్వు రావాలి డొరీన్. నువ్వు చెబితే నమ్ముతారు."

"నువ్వు చెబితే?"

"నేను చెబితే గడియారం చూసుకుంటారు," అన్నాడు రస్, తన మీద తనే జోకు వేసుకుంటూ.

రెండున్నర గంటలు ట్రక్కు నడుపుకుంటూ వెళ్ళి, తొమ్మిదింటికి శాసనసభ మెట్లెక్కింది. లోపలికి రెండు దారులు. పర్మిట్ కార్డు ఉన్నవాళ్ళు అది చూపించి, ఒంటి మీద తుపాకీ ఉన్నా లేకపోయినా, పక్క తలుపులోంచి నేరుగా పోవచ్చు. లేనివాళ్ళు సంచులు విప్పి, లోహం కనిపెట్టే యంత్రం కిందుగా ఒక్కొక్కరే దాటాలి. కార్డు చూపిస్తే నిమిషంలో లోపల పడవచ్చని, పిస్తోలు ముఖం చూడని వకీళ్ళు, కంపెనీల తరఫున సభ్యుల చుట్టూ తిరిగే మనుషులు కూడా పర్మిట్ తీసుకుంటారు. వాళ్ళలో చాలామంది రస్ శిష్యులే. డొరీన్ కార్డు చూపించింది. పోలీసు తల ఊపాడు. లోపల గుమాస్తా దగ్గర పేరు రాసి, 'వ్యతిరేకం' అన్న గడిలో టిక్కు పెట్టింది. పద్నాలుగో నంబరు. మాట్లాడేవాళ్ళ పేర్లు పదింటి దాకానే రాసుకుంటారని గుమాస్తా చెప్పింది.

కాఫీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే బయటి వరుసలో మార్వెల్లా కనబడింది. ఈసారి శుభ్రమైన గళ్ళ గౌను, భుజానికి పెద్ద సంచి, చేతిలో మడత పెట్టిన కాగితం. డొరీన్ చూపు కాగితం మీద ఆగలేదు. మార్వెల్లా మోచెయ్యి సంచిని పక్కకు అదిమి పట్టుకుని ఉంది. అరనిమిషానికోసారి చెయ్యి పైకి పోయి, సంచిని పైనుంచి తడిమి వస్తోంది. తుపాకీ మోయడం కొత్తయినవాళ్ళంతా అలాగే చేస్తారు. అలా తడమవద్దని చెప్పడానికి క్లాసులో డొరీన్ ఒక అరగంట ఖర్చు పెడుతుంది. తన వంతు దగ్గర పడగానే మార్వెల్లా పక్కకు జరిగి వెనకవాళ్ళకు దారి ఇచ్చింది. మళ్ళీ వరుస చివరికి పోయి నిలబడింది. డొరీన్ చూస్తుండగానే రెండుసార్లు అలా చేసింది.

డొరీన్ కాఫీ పడేసి బయటికి వచ్చింది.

"ఆ సంచిలో ఏముందో నేను అడగను," అంది పక్కన నిలబడి.

మార్వెల్లా ఆమెను గుర్తుపట్టింది. "అడక్కండి."

"ఇక్కడికి ఎవరైనా తెస్తారా?"

"కావాలని తేలేదు మిస్ డొరీన్. అది నా దగ్గరే ఉంది. మూడు వారాలుగా తాళంచెవులతో పాటు సంచిలోనే పడి ఉంటోంది. బస్సు దిగి ఈ యంత్రం చూసేదాకా గుర్తే రాలేదు. ఎక్కడ పెట్టను? చెత్తబుట్టలో వేస్తే ఏ పిల్లాడో తీస్తాడు."

"అబద్ధపు సంతకం మాత్రం పెట్టవు."

"సంతకం కోర్టు చూస్తుంది. సంచి ఎవరు చూస్తారనుకున్నాను."

తలుపు దగ్గరి పోలీసు వాళ్ళ వైపు తిరిగాడు. "ఏమమ్మా, లోపలికా, బయటికా?"

అతనికీ తనకూ మధ్య నాలుగడుగులు. పర్మిట్ లేకుండా తుపాకీ, అదీ శాసనసభ మెట్ల మీద. ఒక్క మాట అంటే చాలు, డొరీన్ బాధ్యత తీరిపోతుంది. చట్టం తెలిసిన మనిషిగా అనవలసిన మాట కూడా.

"బయటికి సార్. ట్రక్కులో కళ్ళజోడు మర్చిపోయాను," అంది. మార్వెల్లా భుజం పట్టుకుని మెట్లు దింపింది.

ట్రక్కు సీటు కింద బోల్టులతో బిగించిన ఇనప పెట్టె ఉంది. తలుపులు వేసుకున్నాక డొరీన్ సంచి నోరు పూర్తిగా తెరిచి లోపలికి చూసింది. తుపాకీకి ఒర లేదు. తాళంచెవులు, జుట్టు క్లిప్పులు, దగ్గు బిళ్ళలు, వాటి మధ్య నల్లటి చిన్న పిస్తోలు. ఒక బాల్‌పెన్ను దాని ట్రిగ్గర్ కమ్మీలోంచి దూరి అడ్డంగా ఇరుక్కుని ఉంది. పెన్ను మూత క్లిప్పు సరిగ్గా ట్రిగ్గర్ ముందు.

"కదలకు," అంది డొరీన్.

గొట్టం ఇంజను వైపు ఉండేలా సంచిని అంగుళం అంగుళం తిప్పింది. ఎడమ చేతి రెండు వేళ్ళతో పెన్నును వచ్చిన దారినే వెనక్కి లాగింది. అది బయటపడ్డాక పిస్తోలు తీసి, మ్యాగజైన్ ఊడదీసి, పై భాగం వెనక్కి లాగింది. గొట్టంలో ఎక్కి ఉన్న తూటా ఎగిరి సీటు మీద పడి, దొర్లి, బ్రేకు పెడలు కిందికి పోయింది. డొరీన్ వంగి దాన్ని వెతికి తీసింది. అన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసింది.

"తూటా ఎక్కించి పెట్టమని ఎవరు చెప్పారు?"

"మా బావ. ఎక్కించకపోతే దండగ అన్నాడు."

"ఇది తీసుకుని ఈ మూడు వారాలూ బస్సుల్లో తిరిగావు."

"మా ఆయన డ్వైట్ ఈ మూడు వారాల్లో రెండుసార్లు వచ్చాడు," అంది మార్వెల్లా.

తిరిగి వచ్చేసరికి వరుస మెట్ల కింద దాకా పెరిగింది. డొరీన్ కార్డు జేబులోనే ఉంచుకుని మార్వెల్లాతో పాటు నిలబడింది. యంత్రం దాటి గుమాస్తా దగ్గరికి చేరేసరికి పదీ ఆరు.

"పదికి మూసేశాం," అంది గుమాస్తా పుస్తకం మీద చెయ్యి పెట్టి. "ఎవరికైనా ఒకటే రూలమ్మా."

"నాకీ మాట అలవాటైపోయింది," అంది మార్వెల్లా. ఆమె డొరీన్ వైపు చూడలేదు. చూడకపోవడమే డొరీన్‌కు ఎక్కువగా తగిలింది.

హాలు బయట రస్ హోబర్ట్ ఎదురొచ్చాడు. నీలం కోటు, జుట్టుకు నూనె. "ఎక్కడికి పోయావు? నా వంతు అయిపోయింది. ఎనిమిది గంటల్లో ఒక్క నిమిషం తగ్గినా ప్రాణాలు పోతాయని చెప్పి వచ్చాను."

"నువ్వు చెప్పావా ఆ మాట?"

"నవ్వకుండా చెప్పాను." డొరీన్ ముఖం చూసి రస్ గొంతు తగ్గించాడు. "ఏమైంది?"

చెప్పకూడదనుకుంది గాని చెప్పేసింది. పేరు, ఊరు చెప్పలేదు. సంచి, పెన్ను, గొట్టంలో తూటా, అంతే. వింటున్న కొద్దీ రస్ కళ్ళు వెలిగాయి.

"ఇంకేం కావాలి డొరీన్? పెన్ను సంగతి చెప్పు, చాలు. పదకొండు మందిలో ఇద్దరు అటూ ఇటూ ఊగుతున్నారు. ఈ పొద్దున నా చేతుల్తో తీశానని చెప్పు. బిల్లు ఇక్కడే చచ్చిపోతుంది."

అతను చెప్పింది నిజం. సరుకు విలువ తెలిసినవాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆమె నమ్మిన మాటకు ఇంతకంటే గట్టి సాక్ష్యం ఆమె చేతికి ఎప్పుడూ రాలేదు. అది నిజం కూడా. పేరు చెప్పనక్కర్లేదు. ఆ మనిషి వెనక వరుసలో కూర్చుని వింటుంది, అంతే.

మార్వెల్లా నిజంగానే ఆఖరి వరుసలో కూర్చుని ఉంది. రాత్రుళ్ళు నిలబడి పనిచేసే మనిషి. గోడకు తల ఆనించి కళ్ళు బలవంతాన తెరిచి ఉంచుతోంది. పన్నెండో నంబరు పిలిచినప్పుడు డొరీన్ లేచి ఆమె దగ్గరికి వెళ్ళింది.

"నీ కాగితం ఎంత సేపు పడుతుంది?"

"ఒకటిన్నర నిమిషాలు. గడియారం పెట్టుకుని చదివి చూశాను. ఎందుకు?"

"నేను చదవనా?"

"మీరు అవతలి వైపు కదా."

"అవును."

మార్వెల్లా కాగితం ఆమె చేతిలో పెట్టింది. "ఒక్క మాట కూడా మార్చకూడదు."

"మార్చను."

పద్నాలుగో నంబరు పిలిచారు. డొరీన్ బల్ల ముందు కూర్చుని మైకు దగ్గరికి లాక్కుంది. ఎదురుగా చిన్న పెట్టెలో పచ్చ దీపం వెలిగింది. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. "నా పేరు మార్వెల్లా గెయిన్స్," అని చదవగానే కమిటీ అధ్యక్షుడు చెయ్యెత్తాడు.

"ఇక్కడ డొరీన్ ఆస్క్యూ, వ్యతిరేకం అని ఉంది."

"నేను డొరీన్‌నే సార్. వ్యతిరేకమే. ఇవి నా మాటలు కావు. ఈవిడ వరుసలో ఉండిపోయింది, నేను కార్డు చూపించి ముందే వచ్చేశాను. నా వంతు నా ఇష్టమే కదా?"

అధ్యక్షుడు పక్కనున్నవాడితో ఏదో మాట్లాడి, కానివ్వమన్నాడు.

ఆమె చదివింది. "నేను కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేస్తాను. నా భర్త నా దగ్గరికి రాకూడదని కోర్టు ఆర్డరు ఇచ్చింది. ఆ కాగితం ఫ్రిజ్ మీద అతికించాను. అతను వచ్చి దాన్ని చదివి, ఫ్రిజ్‌లోంచి పాలు తీసుకుని తాగి వెళ్ళాడు. మా ఇంటికి షెరీఫ్ మనుషులు రావాలంటే నలభై నిమిషాలు. క్లాసు శనివారాలే. పదకొండు నిమిషాలు ఆలస్యమయ్యానని తలుపు తీయలేదు. తలుపు తీయనావిడను నేను తప్పు పట్టను. ఆవిడ సరిగ్గా ఉండే మనిషి. ఇంకోచోట ఎనిమిది గంటల క్లాసు మధ్యాహ్నానికే అయిపోతుందట. కానీ అబద్ధం సంతకం పెట్టాలి. సరిగ్గా ఉన్నచోట నాకు సమయం కుదరదు, కుదిరినచోట అబద్ధం ఆడాలి. క్లాసు కుదిరాక కూడా పర్మిట్‌కు మూడు నెలలు ఆగాలి. నాకు నేర్చుకోవాలనే ఉంది. నేర్చుకునేదాకా అతను ఆగడు."

ఎక్కడా గొంతు ఎత్తలేదు, దించలేదు. 'ఇంకోచోట' దగ్గర హాల్లో నాలుగు తలలు రస్ వైపు తిరిగాయి. కాగితం మడత పెట్టేసరికి దీపం పసుపుకు మారింది.

"ఇంకా సమయం ఉంది," అన్నాడు అధ్యక్షుడు. "మీ సొంత మాట ఏమైనా చెబుతారా మిస్ ఆస్క్యూ?"

పెన్ను సంగతి చెప్పడానికి అంత సమయం కూడా అక్కర్లేదు. మూడు వాక్యాలు. వెనక వరుస వైపు చూడకుండా ఉండటానికి ఆమె ఆ పసుపు దీపాన్నే చూసింది.

"లేదండి," అంది.

ఆరుగురు అటు, అయిదుగురు ఇటు. బిల్లు కమిటీ దాటి సభకు వెళ్ళింది.

ట్రక్కు దగ్గర రస్ కాపు కాశాడు. "పంతొమ్మిదేళ్ళ వ్యాపారం. ఒక్క కాగితంతో ముంచేశావు."

"నీది నువ్వు ముందే ముంచుకున్నావు రస్."

"నా క్లాసు గురించి కమిటీ ముందు చదువుతావా?"

"నీ పేరు లేదుగా అందులో."

"అందరూ నా వైపే చూశారు."

"అయితే వాళ్ళకు ముందే తెలుసన్నమాట," అని డొరీన్ తలుపు తీసింది.

అటువైపు నిలబడిన మార్వెల్లా సీటు కిందికి చూపించింది. "నాది నాకిస్తే బస్సుకు పోతాను."

"ఇక్కడ ఇస్తే ఇద్దరం నేరం చేసినట్టు. నీ ఇంట్లో అయితే చట్టం అడగదు. ఎక్కు."

* * *

దారి పొడుగునా మార్వెల్లా నిద్రపోయింది. మట్టిరోడ్డు చివర, పైన్ చెట్ల మధ్య రేకుల ట్రైలర్ ఇల్లు. వాళ్ళమ్మ మిస్ ఓలా గుమ్మంలోకి వచ్చింది, చేతికర్ర మీద బరువంతా వేసి.

"ఈవిడెవరు?"

"శనివారం నన్ను బయట నిలబెట్టినావిడమ్మా."

"మరి లోపలికి ఎందుకు తెచ్చావు?" అని, డొరీన్ ముఖం చూసి, "బీన్స్ ఉన్నాయి, మొక్కజొన్న రొట్టె ఉంది. పెట్టుకుని తినండి. నేను పడుకోవాలి," అంటూ ఆ ముసలావిడ నడవాలోకి మళ్ళింది.

తిన్నాక గిన్నెలు కడిగి పక్కన పెట్టారు. డొరీన్ పిస్తోలును ట్రక్కు పెట్టెలోనే ఉంచింది. "ముందు ఒట్టి చేతులు," అంది. "ఇది క్లాసు కాదు. సర్టిఫికెట్ రాదు. బుధవారం, గురువారం కూడా వస్తాను, నీ డ్యూటీ అయ్యాక. అతను ఎటునుంచి వస్తాడు?"

"ముందు తలుపు. వెనకవైపు మెట్లు విరిగాయి."

"నువ్వు ఎక్కడుంటావు?"

"ఇక్కడే. పొయ్యి దగ్గర."

"నిలబడు. చెయ్యి చాపు. చూపుడు వేలే గొట్టం అనుకో." మార్వెల్లా తలుపు వైపు వేలు చాపింది. "తూటా అతనికి తగలకపోతే రోడ్డు దాటి చెట్లలోకి పోతుంది. సరే. అతను ఊరికే నిలబడడు. లోపలికి వచ్చాడు. నేనే అతన్ననుకో. నా వెంటే వేలు తిప్పు."

డొరీన్ తలుపు దగ్గర్నుంచి నెమ్మదిగా గోడ వెంట నడిచింది. సోఫా దాటింది. ఫ్రిజ్ దాటింది. మార్వెల్లా వేలు ఆమె గుండె మీదే నిలిచి వెంట తిరిగింది. బాగానే తిప్పింది. నడవా గోడ దగ్గర డొరీన్ ఆగి, ఒక అడుగు పక్కకు జరిగింది. వేలు ఇప్పుడు ఒట్టి గోడను చూపిస్తోంది.

"తూటా నన్ను తప్పింది," అంది డొరీన్. "ఎక్కడికి పోయింది?"

వేలి ముడితో గోడ మీద రెండుసార్లు తట్టింది. అట్టపెట్టె మోగినట్టు మోగింది.

"ఎవరే తలుపు కొడుతున్నది?" అంది మిస్ ఓలా గొంతు, గోడ అవతల, చెవి పక్కనే ఉన్నంత దగ్గరగా.

మార్వెల్లా చెయ్యి చాపిన చోటే ఉండిపోయింది. తర్వాత వేలు మడిచింది. చెయ్యి దించి గౌనుకు తుడుచుకుంది. డొరీన్ క్లాసులో ఈ మాట చెబుతుంది, తూటా ఎక్కడ ఆగుతుందో చూసుకోవాలని. అందరూ రాసుకుంటారు.

మార్వెల్లా నడవాలోకి వెళ్ళింది. డొరీన్ వెనకే వెళ్ళింది. చిన్న గది. మంచం తలవైపు సరిగ్గా ఆ గోడకే ఆని ఉంది.

"అమ్మా, లేచి ఈ కుర్చీలో కూర్చో. మంచం జరపాలి."

"ఎందుకు? ఈ కిటికీలోంచి నాకు పిట్టలు కనబడతాయి."

"అటు పక్క కూడా పిట్టలుంటాయి."

"ఉండవు. అటు పక్క నీ కారు తుక్కు ఉంది."

"మీరు కాళ్ళవైపు ఎత్తండి మిస్ డొరీన్," అంది మార్వెల్లా.

ఇనప మంచం బరువుగా ఉంది. మిస్ ఓలా సణుగుతూనే ఉంది, ఇద్దరూ రెండు వైపులా పట్టి, నాలుగుసార్లు ఆగి, దాన్ని బాత్రూం అవతలి మూలకు చేర్చారు. అక్కడ పాత స్నానపు తొట్టి, నీళ్ళ బాయిలరు తూటాకు అడ్డం వస్తాయి. మంచం ఉన్నచోట కార్పెట్‌లో నాలుగు కాళ్ళ గుంటలు మిగిలాయి. మార్వెల్లా వాటి మధ్య నిలబడి, ఆ గోడను ఈవైపు నుంచి అరచేత్తో ఒకసారి తోసి చూసింది.

డొరీన్ నడుం పట్టుకుని నిటారుగా నిలబడింది.

"పద, పొయ్యి దగ్గరికి," అంది. "మళ్ళీ మొదటి నుంచి."